హెచ్‌ఐవి టీకా: తొలి అడుగు వేసే ఆరోగ్యవంతులు

ఒక తప్పును ఒప్పుకోవడంతోనే ఈ వ్యాసాన్ని ఆరంభించడం సముచితమని మేము భావిస్తున్నాము.

2005 ఫిబ్రవరిలో పూణె నగరంలో హెచ్‌ఐవి నిరోధక టీకాను మన దేశంలో మొట్టమొదటిసారిగా మనుషులకు ఇచ్చి పరీక్షించడం మొదలయింది. ఆ వార్త పత్రికల్లో వచ్చిన కొద్దిరోజులకే మా ఊళ్లో ఒక సమావేశం జరిగింది. ఎవరో ఆ ప్రస్తావన తెచ్చారు. మేము ఏమాత్రం తడుముకోకుండా, “ఆరోగ్యంగా ఉన్నవారి ఒంట్లోకి ఎయిడ్స్ క్రిమిని ఎక్కించి చూస్తున్నారు. అటువంటి వాటి జోలికి పోకండి” అని చెప్పాము. కూర్చున్నవారంతా తలలూపారు.

మరుసటి సంవత్సరం మద్రాసులోనూ అటువంటి పరీక్ష ఒకటి ఆరంభమయింది. మా వద్ద చదువుకున్న యువకుడొకడు ఆ నగరంలోనే ఒక తోళ్ల ఎగుమతి సంస్థలో పనిచేస్తూ ఉండేవాడు. ఆ పరీక్షలో పాల్గొనాలన్న ఆలోచన అతనికి కలిగింది. సంగతి తెలిసి అతని తండ్రి కంగారుగా మా దగ్గరకు వచ్చాడు. మేము ఫోనులోనే వద్దని చెప్పేశాము. ఆ యువకుడు ఎదురు మాట్లాడలేదు. “మీరు వద్దంటే మానేస్తాను హజ్రత్. కానీ వాళ్లిచ్చిన కాగితం మీరు చదివారా?” అని మాత్రం అడిగాడు.

మేము చదవలేదు. ఉల్లేఖకుల పరంపరలో ఒక్కొక్కరినీ పరిశీలించనిదే ఉల్లేఖనాన్ని స్వీకరించరాదని విద్యార్థులకు నేర్పే మేము, చెవిన పడిన మాటను ఏ పరిశీలనా లేకుండా పదిమందికి చేరవేశాము. ఆ తరువాత తెలిసిన వైద్యుల సహాయంతో నిదానంగా ఈ విషయాన్ని చదువుతూ వచ్చాము. ఆనాడు మేము చెప్పినది సరికాదని తెలుసుకున్నాము. అలా తెలుసుకున్న సంగతులనే మీ ముందు ఉంచుతున్నాము.

టీకాలో ఉన్నది ఏమిటి?

అన్నిటికంటే ముందుగా మా పొరపాటునే సరిదిద్దుకుందాము. పరీక్షలో ఉన్న హెచ్‌ఐవి టీకాలలో సజీవమైన హెచ్‌ఐవి ఉండదు. ఆ వైరస్‌కు చెందిన ఒకటి రెండు భాగాలను గానీ, ఆ భాగాలను తయారుచేసే జన్యు సమాచారాన్ని గానీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసి, దానినే టీకాగా వాడతారు. పూర్తి వైరస్ అందులో లేదు కనుక ఆ టీకా ద్వారా హెచ్‌ఐవి సోకే అవకాశం లేదు. ఒక ఇంటి గుమ్మాన్ని చూపి ఇదే ఆ ఇల్లు అని గుర్తుపట్టించడం వంటిది ఈ పని. గుమ్మం ఒక్కటే ఇల్లు కాదు, అందులో ఎవరూ కాపురం ఉండలేరు.

పూణెలో పరీక్షించిన టీకాలో మనుషులకు జబ్బు చేయని ఒక చిన్న వైరస్‌ను వాహనంగా వాడి, దానిలో హెచ్‌ఐవి జన్యువులలోని కొన్ని ముక్కలను అమర్చారు. మద్రాసులో పరీక్షించిన టీకాకు వాహనం వేరు. మశూచి టీకాలో వాడిన వైరస్‌ను కోడిపిండ కణాలలో 500కు పైగా సార్లు పెంచి పెంచి, మనిషి శరీరంలో వృద్ధి చెందలేనంతగా బలహీనపరచిన రూపం అది. హెచ్‌ఐవిలో అనేక ఉపరకాలున్నాయి. మన దేశంలో అత్యధికంగా కనిపించేది సి అనే ఉపరకం. ఈ రెండు టీకాలూ దానిని దృష్టిలో ఉంచుకొని రూపొందించినవే.

మశూచిని జయించిన వైద్యం దీనిని ఎందుకు జయించలేదు?

ఎయిడ్స్ రోగులను వైద్యలోకం 1981లో అమెరికాలో మొదటిసారి గుర్తించింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాంస్వాజ్ బారే-సినూసీ, లుక్ మాంటాన్యేల బృందం ఆ వైరస్‌ను వేరుచేసింది. ఆ మరుసటి ఏడాది అమెరికా ఆరోగ్యశాఖ మంత్రి మార్గరెట్ హెక్లర్ సుమారు రెండేళ్లలో టీకా పరీక్షలకు సిద్ధమవుతుందని ఆశాభావం ప్రకటించారు. నేటికి నాలుగు దశాబ్దాలు దాటినా ప్రజలకు ఇవ్వదగిన టీకా ఒక్కటి కూడా చేతికి రాలేదు.

కారణాలు లేకపోలేదు. మశూచి, తట్టు వంటి వ్యాధులు సోకినవారిలో అనేకులు కోలుకునేవారు. కోలుకున్నవారి శరీరం ఆ రోగాన్ని ఎలా ఎదుర్కొన్నదో చూసి, దానినే టీకా ద్వారా అనుకరించడం సాధ్యమయింది. హెచ్‌ఐవి విషయంలో అలా తనంతట తాను కోలుకున్న శరీరం దాదాపుగా కనిపించదు. రెండవది, ఈ వైరస్ తన రూపాన్ని ఎడతెగక మార్చుకుంటూ పోతుంది. ఒకే మనిషి శరీరంలోనే కొంతకాలానికి అనేక రూపాలు తయారవుతాయి. మూడవది, దాని పై తొడుగును చక్కెర అణువులు దట్టంగా కప్పి ఉంచుతాయి. ప్రతిరక్షకాలు పట్టుకోవలసిన చోటు ఆ కప్పు కింద దాగి ఉంటుంది. నాలుగవది అన్నిటికంటే కఠినమైనది. రోగం రాకుండా కాపలా కాయవలసిన తెల్ల రక్తకణాలనే ఈ వైరస్ ఆశ్రయిస్తుంది, వాటి జన్యుపదార్థంలో కలిసిపోయి నిద్రాణంగా ఉండిపోతుంది. కాపలాదారుని ఇంట్లోనే దొంగ తలదాచుకున్నట్లు అన్నమాట.

మొదటి దశలో అడిగే ప్రశ్న

మొదటి దశ పరీక్షను గురించి ప్రజలలో ఉన్న పెద్ద అపోహ ఏమంటే, టీకా వేసి ఆ తరువాత రోగక్రిమిని ఎక్కించి, టీకా పనిచేసిందా లేదా అని చూస్తారని. హెచ్‌ఐవి టీకా విషయంలో అలా ఎన్నడూ చేయరు, చేయడం నేరం కూడా. తొలిదశలో అడిగే ప్రశ్నలు రెండే. ఈ మందు మనిషికి హాని లేనిదా? శరీరం దీనిని గుర్తించి స్పందిస్తున్నదా? రోగాన్ని అడ్డుకుంటున్నదా అనే ప్రశ్న మూడవ దశకు చెందినది. అందుకు వేలాది మంది కావాలి. మొదటి దశకు కొన్ని పదుల మంది చాలు.

జంతువులపై పరీక్షలు పూర్తయి, ఔషధ నియంత్రణ అధికారుల అనుమతి, నైతిక పరిశీలనా సంఘం అనుమతి వచ్చాకనే మనుషుల వంతు వస్తుంది. ఎంచుకునేవారు యుక్తవయస్కులై, హెచ్‌ఐవి లేనివారై, అది సోకే ప్రమాదం తక్కువగా ఉన్నవారై, మంచి ఆరోగ్యం కలిగి ఉండాలి. రక్తం, మూత్రం, గుండె, కాలేయం అన్నీ పరీక్షిస్తారు. చిన్న లోపం కనబడినా తిరిగి పంపివేస్తారు. ఎందుకంటే తరువాత ఏదైనా తేడా వస్తే అది మందు వల్లనా, పాత జబ్బు వల్లనా అన్నది తేలాలి కదా!

అంతకంటే ముందు జరిగేది వివరించి చెప్పడం. ఎన్ని సూదులు, ఎన్ని నెలలు, ఎన్నిసార్లు రక్తం తీస్తారు, ఏ ఇబ్బందులు రావచ్చు, ఎప్పుడైనా మానేయవచ్చా అన్నది చదివి వినిపిస్తారు. విన్నవారికి అర్థమయిందో లేదో తెలుసుకోవడానికి వారినే తిరిగి ప్రశ్నలు అడుగుతారు. జవాబు చెప్పలేకపోతే మళ్లీ వివరించాలి. ఆ తరువాతనే సంతకం.

సూది వేసే విధానంలోనూ ఒక క్రమం ఉంది. మొదట అతి తక్కువ మోతాదును కొద్దిమందికి ఇస్తారు. వారిని గమనించి, భద్రతను సమీక్షించేవారు సరేనంటేనే తరువాతి బృందానికి మోతాదు పెంచుతారు. పాల్గొన్నవారిలో కొందరికి టీకా బదులు మందు లేని ద్రవాన్ని ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో తీసుకున్నవారికీ తెలియదు, సూది వేసినవారికీ తెలియదు. తెలిస్తే, చిన్న తలనొప్పిని కూడా టీకాకు అంటగట్టే అవకాశం ఉంది. సూది వేశాక కొంతసేపు అక్కడే కూర్చోబెట్టి గమనిస్తారు. ఇంటికి వెళ్లాక జ్వరం, చేయి వాపు, ఒంటి నొప్పులు ఏవి వచ్చినా రోజువారీగా ఒక కార్డులో రాసుకోవాలి. ఆ పిమ్మట నెలల తరబడి పరీక్షలకు వస్తూ ఉండాలి. ఆ కాలంలో స్త్రీలు గర్భం ధరించకుండా జాగ్రత్త వహించాలి. పుట్టబోయే బిడ్డపై ఆ మందు ప్రభావం ఇంకా ఎవరికీ తెలియదు గనుక ఈ నియమం పెట్టారు.

1987లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జరిగిన ఆ దేశపు తొలి హెచ్‌ఐవి టీకా పరీక్షలో 138 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. తీవ్రమైన దుష్ఫలితాలేవీ కనిపించలేదు. రోగభయం సమాజాన్ని పట్టి కుదిపేస్తున్న రోజులవి. అటువంటి రోజుల్లో ముందుకు వచ్చి చేయి అందించిన వారి పేర్లు కూడా మనకు తెలియవు.

మనకు దగ్గరగా జరిగినవి

పూణెలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధనా సంస్థలో 2005లో జరిగిన పరీక్షలో 30 మంది పాల్గొన్నారు. 2006లో మద్రాసు చెట్‌పేటలోని క్షయ పరిశోధనా కేంద్రంలో జరిగినదానిలో 32 మంది. భారత వైద్య పరిశోధనా మండలి, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంతర్జాతీయ ఎయిడ్స్ వ్యాక్సిన్ సంస్థ కలిసి వీటిని నిర్వహించాయి. 2009లో మద్రాసు, పూణె రెండు చోట్లా కలిపి మరో 32 మందితో ఇంకొక పరీక్ష జరిగింది. ఒక రకం టీకాతో శరీరాన్ని సిద్ధంచేసి, వేరొక రకంతో ఆ స్పందనను బలపరచడం దాని ఉద్దేశం.

ఈ నగరాల ఎంపిక కాకతాళీయం కాదు. మన దేశంలో హెచ్‌ఐవి మొట్టమొదట 1986లో మద్రాసులోనే బయటపడింది. మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల దానిని కనుగొన్నారు. ఈ పరీక్షలు జరిగిన రోజులలో దేశంలో హెచ్‌ఐవి వ్యాప్తి అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాలలో మహారాష్ట్ర, తమిళనాడులతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉండినది. ఆ రోజుల్లో మన ఊళ్లలో ఎందరు యువతులు వితంతువులైనారో, ఎందరు పసివారు తల్లి గర్భంలోనే ఆ వ్యాధిని మోసుకొని పుట్టారో మనకు తెలియనిది కాదు. వారి పళ్లెం వేరు, గ్లాసు వేరు చేసిన ఇళ్లనూ మనం చూశాము. ఆ స్త్రీలు, ఆ పిల్లలు చేసిన తప్పు ఏమిటి?

పరీక్షల ఫలితం ఏమయింది? టీకాలు హాని లేనివని తేలింది. అయితే పూణె టీకా కలిగించిన స్పందన బలహీనంగా ఉండింది. మద్రాసు టీకా చాలామందిలో స్పందన కలిగించినా, అది ఒక మోస్తరుగానే ఉండింది. అవేవీ ప్రజలకు అందే టీకాలుగా మారలేదు. మరి ఆ వలంటీర్ల శ్రమ వృథాయేనా? కాదు. ఒక దారి ముందుకు పోదని తెలియజేసిన వ్యక్తి కూడా వెనుక వచ్చే బాటసారికి మేలు చేసినవాడే.

తొలి మెట్టు ఎక్కినంత మాత్రాన

మొదటి దశలో మంచి ఫలితం వచ్చిందన్న వార్త కనబడగానే మందు వచ్చేసిందని సంబరపడటం కూడా పొరపాటే. దీనికి చరిత్రే సాక్ష్యం. ఒక పెద్ద ఔషధ సంస్థ రూపొందించిన టీకా తొలి పరీక్షలలో చక్కని స్పందన కలిగించింది. సుమారు 3,000 మందితో తరువాతి పరీక్ష జరిపారు. 2007 సెప్టెంబరులో దానిని అర్ధంతరంగా ఆపవలసి వచ్చింది. టీకా రోగాన్ని ఆపలేదు సరికదా, తీసుకున్న పురుషులలో కొన్ని వర్గాలకు హెచ్‌ఐవి సోకే అవకాశం పెరిగినట్లు కనిపించింది. టీకాలో హెచ్‌ఐవి లేదు. అయినా టీకాకు వాహనంగా వాడిన జలుబు వైరస్ పట్ల వారి శరీరాలలో ముందే ఉన్న స్పందనకూ దీనికీ సంబంధం ఉండవచ్చునని పరిశోధకులు అనుమానించారు. ఈ నిజాన్ని దాచకుండా ప్రకటించడం, పాల్గొన్నవారికి తెలియజేయడం ఆ పరీక్ష నుంచి నేర్చుకోవలసిన పాఠం.

2009లో థాయిలాండ్ నుంచి కొంత ఆశ కనబడింది. 16,000 మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్షలో టీకా రోగాన్ని 31 శాతం మేరకు తగ్గించినట్లు తేలింది. ప్రజలకు ఇవ్వడానికి అది చాలదు. దాని ఆధారంగానే దక్షిణాఫ్రికాలో 5,400 మందికి పైగా పాల్గొన్న పరీక్షను జరిపి, ఫలితం లేదని 2020 ఫిబ్రవరిలో నిలిపివేశారు. 2021లో ఆఫ్రికా స్త్రీలతో జరిగినది, 2023 జనవరిలో ఇతర ఖండాలలో జరుగుతూ ఉన్నది కూడా అదే బాట పట్టాయి.

మళ్లీ మొదటి మెట్టు నుంచి

పెద్ద పరీక్షలు విఫలమైన తరువాత శాస్త్రవేత్తలు తిరిగి మొదటి దశకే వచ్చారు. ఈసారి ఆలోచన వేరు. హెచ్‌ఐవి సోకినవారిలో కొద్దిమంది శరీరాలు కొన్నేళ్లకు చాలా శక్తివంతమైన ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. అవి వైరస్ యొక్క అనేక రూపాలను పట్టుకోగలవు. అటువంటి ప్రతిరక్షకాలు పుట్టడానికి మూలమైన కణాలు ఆరోగ్యవంతులలోనూ అత్యంత అరుదుగా ఉంటాయి. వాటిని వెతికి పట్టుకొని మేల్కొలిపి, ఒక్కొక్క టీకాతో ఒక్కొక్క మెట్టు చొప్పున శిక్షణ ఇవ్వాలన్నది వారి ఆలోచన. పసివానికి మొదట అక్షరాలు దిద్దించి, ఆ తరువాత పదాలు, ఆ పిమ్మట వాక్యాలు నేర్పినట్లు.

అమెరికాలోని వాషింగ్టన్, సియాటిల్ నగరాలలో 48 మంది ఆరోగ్యవంతులతో ఈ పరీక్షను జరిపారు. అందులో 36 మందికి టీకా, 12 మందికి మందు లేని ద్రవం ఇచ్చారు. టీకా తీసుకున్న 36 మందిలో 35 మందిలో ఆ అరుదైన కణాలు మేల్కొన్నాయి. ఈ ఫలితం 2022 డిసెంబరులో ప్రచురితమయింది. ఇది కూడా రోగాన్ని ఆపగల టీకా కాదు, ఓనమాలు దిద్దించడమే. తదుపరి కోవిడ్ టీకాలలో వాడిన ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతిలో ఇదే ప్రయత్నాన్ని అమెరికాలోనూ, ఆఫ్రికాలో రువాండా, దక్షిణాఫ్రికాలలోనూ చేశారు. కణాలు మేల్కొన్నాయి. కానీ అమెరికాలో పాల్గొన్నవారిలో కొందరికి దద్దుర్లు, దురద వచ్చాయి. కొందరిలో అవి వారాల తరబడి తగ్గలేదు. తొలిదశ పరీక్ష ఉన్నదే ఇందుకు. వేలమందికి ఇవ్వకముందే కొద్దిమందిలో ఇబ్బందిని కనిపెట్టి, దాని కారణాన్ని వెతకాలి.

సంబంధం కుదిరే వేళ వచ్చే చిక్కు

ఇక్కడ మన కుటుంబాలకు సంబంధించిన ఒక ముఖ్య విషయాన్ని చెప్పవలసి ఉన్నది. దీనిని ఎవరూ అంతగా చెప్పరు.

మామూలు హెచ్‌ఐవి పరీక్ష చాలావరకు వైరస్ కోసం కాక, దానికి వ్యతిరేకంగా శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాల కోసం వెతుకుతుంది. టీకా చేసే పని కూడా ఆ ప్రతిరక్షకాలను పుట్టించడమే. అందుచేత టీకా తీసుకున్న వ్యక్తికి హెచ్‌ఐవి ఎంతమాత్రం లేకపోయినా, పరీక్షలో ఉన్నట్లు రావచ్చు. తొలిదశ పరీక్షలలో టీకా తీసుకున్న, హెచ్‌ఐవి సోకని 2,176 మందిని పరిశీలించగా 908 మందిలో ఇలా కనిపించిందని 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. అంటే నూటికి 42 మందిలో! కొందరిలో ఇది సంవత్సరాల తరబడి ఉండిపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. పెళ్లి సంబంధం కుదిరి రక్తపరీక్ష చేయించారు. గల్ఫ్ వీసా కోసం వైద్య పరీక్షకు వెళ్లారు. ప్రసవానికి ఆసుపత్రిలో చేరారు. కాగితం మీద ఆ ఒక్క మాట కనబడితే చాలు, ఆ యువకుని జీవితం, ఆ యువతి జీవితం ఏమవుతుంది? “నేను టీకా పరీక్షలో పాల్గొన్నాను” అంటే నమ్మేదెవరు? సూది వల్ల చేతికి కలిగే నొప్పి రెండు రోజులలో పోతుంది. ఈ నొప్పి అలా పోదు.

దీనికి పరిష్కారం ఉన్నది. వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే పరీక్ష చేస్తే నిజం తేలిపోతుంది. నిర్వాహకులు పాల్గొన్నవారికి గుర్తింపు పత్రం ఇవ్వాలి, అవసరమైనప్పుడు ఆ ప్రత్యేక పరీక్షను ఉచితంగా చేయించాలి, పరీక్ష ముగిసిన తరువాత కూడా ఈ బాధ్యతను కొనసాగించాలి. పాల్గొనదలచినవారు సంతకానికి ముందే ఈ విషయాన్ని అడిగి తెలుసుకోవాలి. పాల్గొన్నవారు రక్తదానం చేయరాదన్న నియమం ఎందుకు ఉన్నదో కూడా దీనితో అర్థమవుతుంది.

సమ్మతి ఎవరిది?

తొలిదశ పరీక్షలో పాల్గొనే వ్యక్తికి ఆ మందు వల్ల స్వయంగా కలిగే లాభం ఏమీ లేదు. ఈ సంగతిని దాచి, “నీకు రోగం రాకుండా ఉంటుంది” అని చెప్పి ఎవరినైనా తీసుకువస్తే అది మోసమే. ప్రయాణ ఖర్చు, పోయిన కూలికి పరిహారం ఇవ్వడం న్యాయం. పేదరికాన్ని ఆసరా చేసుకొని డబ్బు ఆశ చూపడం అన్యాయం.

మన రాష్ట్రానికి ఈ విషయంలో ఒక చేదు అనుభవం ఉన్నది. అది హెచ్‌ఐవికి సంబంధించినది కాదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకాను ఒక పథకం కింద వేశారు. వారిలో అనేకులు హాస్టళ్లలో చదువుకునే గిరిజన బాలికలు. తల్లిదండ్రుల సంతకం ఉండవలసిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినట్లు వెల్లడయింది. 2010 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని ఆపివేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా ఆక్షేపించింది. అక్కడ సంభవించిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా సమ్మతి విషయంలో జరిగిన నిర్లక్ష్యం ఆ టీకా మీదనే కాదు, అన్ని టీకాల మీదా ప్రజల నమ్మకాన్ని దెబ్బతీసింది. మంచి మందును కూడా చెడ్డ పద్ధతి చెడగొడుతుంది.

ఆ తరువాత చట్టాలు మెరుగుపడ్డాయి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం పరీక్షలో పాల్గొన్నవారికి హాని కలిగితే ఉచిత వైద్యం, పరిహారం అందించాలి. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ఆ వ్యాధి ఉన్నవారి పట్ల వివక్షను నిషేధిస్తున్నది. సమ్మతి లేకుండా పరీక్ష చేయడాన్నీ, పరిశోధనలో చేర్చడాన్నీ కూడా నిషేధిస్తున్నది. చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు, అడిగే నోరు కూడా ఉండాలి.

ధర్మశాస్త్రం దృష్ట్యా ఇది తగునా అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. మేము ఇక్కడ ఫత్వా ఇవ్వడం లేదు. ఒక్క మాట చెప్పగలము. ప్రాణ రక్షణ మన ధర్మశాస్త్ర లక్ష్యాలలో ఒకటి. శరీరం మనకు అప్పగించబడిన అమానతు. దానిని నాశనంలోకి నెట్టుకునే హక్కు మనకు లేదు. ఇతరుల ప్రాణం కోసం, తెలిసిన, పరిమితమైన, పర్యవేక్షణలో ఉన్న కొద్దిపాటి ఇబ్బందిని ఇష్టపూర్వకంగా భరించడం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలంటే ఆ కాగితాన్ని చదవక తప్పదు. చదవకుండా అవుననడం ఎంత తప్పో, చదవకుండా కాదనడమూ అంతే తప్పు.

నేటి పరిస్థితి

2024లో ప్రపంచంలో 4 కోట్లకు పైగా ప్రజలు హెచ్‌ఐవితో జీవిస్తూ ఉన్నారు. ఆ ఒక్క సంవత్సరంలోనే సుమారు 13 లక్షల మందికి అది కొత్తగా సోకింది. మందులు క్రమంగా వాడితే ఆ వ్యాధి ఉన్నవారు నేడు దాదాపు అందరివలెనే జీవించగలరు. రోగం సోకకుండా ఆరు నెలలకు ఒకసారి తీసుకునే లెనాకపవిర్ అనే సూది మందు కూడా వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో జరిగిన పరీక్షలో దీనిని తీసుకున్న 2,134 మంది యువతులలో ఒక్కరికి కూడా హెచ్‌ఐవి సోకలేదు. 2025 జూన్‌లో అమెరికా దీనిని ఆమోదించింది. దీనిని తక్కువ ధరకు తయారుచేసేందుకు అనుమతి పొందిన సంస్థలలో మన హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి.

అయితే అది టీకా కాదు. సూది ఆపితే రక్షణ ఆగిపోతుంది. జీవితకాలం ఆరు నెలలకొకసారి సూది అందే ఏర్పాటు ప్రతి పల్లెలోనూ సాధ్యమా? టీకా అన్వేషణ అందుకే ఇంకా అవసరం. 2025 ఆరంభంలో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేయగా, దక్షిణాఫ్రికాలో మొదలు కాబోతున్న ఒక తొలిదశ టీకా పరీక్ష ఆగిపోయింది. సంవత్సరాల సన్నాహం ఒక ఉత్తర్వుతో నిలిచిపోయింది.

2020 జూలైని ఒకసారి గుర్తుచేసుకోండి. కోవాగ్జిన్ తొలిదశ పరీక్షలో దేశమంతటా 375 మంది పాల్గొన్నారు. వారిలో కొందరికి ఆ సూదిని మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోనే ఇచ్చారు. ఆ తరువాత మనమంతా వరుసలో నిలబడి ధైర్యంగా టీకా తీసుకున్నాము. మనకా ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? మనకంటే ముందు ఎవరో చేయి చూపినందువల్లనే.

చివరిగా ఒక మాట

మద్రాసులో ఆనాడు మా మాట విని ఆగిపోయిన ఆ యువకుడు నేడు నడివయస్కుడు. అతని కుమార్తె నర్సింగ్ చదువుతున్నది. ఈ ఏడాది సెలవులకు ఊరికి వచ్చినప్పుడు తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. తమ పాఠ్యాంశాలలో ఔషధ పరీక్షలను గురించి చెప్పారని, రేపు తానే ఒక పరీక్షలో పాల్గొనమని ఎవరైనా అడిగితే ఏమి చేయాలని అడిగింది. తండ్రి మా ముఖం వైపు చూశాడు. అతనికి పాత సంగతి గుర్తుకు వచ్చిందని మాకు తెలుసు.

“అమ్మా! వాళ్లిచ్చే కాగితాన్ని తీసుకురా. నువ్వూ నీ తండ్రీ మేమూ కూర్చొని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుదాము. అర్థం కానిది వైద్యుణ్ణి అడుగుదాము. ఆ తరువాత నిర్ణయం నీది. వద్దనుకుంటే ఎవరూ నిన్ను బలవంతపెట్టలేరు. సరేననుకుంటే మేము అడ్డు చెప్పము” అన్నాము. ఆ తరువాత ఆమె తండ్రి వైపు తిరిగి, “ఆ రోజు మేము చదవలేదు నాయనా. మమ్మల్ని మన్నించు” అన్నాము.

అతను ఏమీ అనలేదు. మా చేయి పట్టుకొని కొంతసేపు అలాగే కూర్చున్నాడు.

ఆనాడు సమావేశంలో చెప్పిన తప్పును సమావేశంలోనే సరిదిద్దడం న్యాయం గనుక, గత నెలలో అక్కడే నిలబడి ఈ సంగతులన్నీ చెప్పాము. ఆనాడు తలలూపినవారిలో కొందరు ఇప్పుడు లేరు. వారికి చేరవలసిన మాట వారి సంతానానికైనా చేరుతుందన్న ఆశతో ఈ వ్యాసాన్ని రాశాము.